చూడకముందే రాసిన సమీక్ష

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. రెండువేల సంవత్సరం వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. గవర్నర్‌పేటలో ఒక చిన్న దినపత్రికలో ట్రైనీగా చేరి ఐదు నెలలయింది. సోమవారం సినిమా పేజీలో ఓ మూల నా పేరు పడేది. అది చూసుకుని, విజయవాడలో ఏ సినిమా ఆడాలో ఏది ఆడకూడదో నేనే తేలుస్తున్నాననుకునేవాణ్ణి. (మా ఇంట్లోవాళ్ళు పేరు చూసి మురిసిపోయి, పైన రాసింది చదవకుండానే పేపరు మడిచేసేవారని చాలా ఆలస్యంగా తెలిసింది.)

ఒక శనివారం మా పేజీ ఇన్‌ఛార్జి రెండు పాసులు నా చేతిలో పెట్టారు. ఆయన్ని చాటుగా అందరం కామా గారు అనేవాళ్ళం. కామా ఒకటి తప్పిపోతే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. ఫిల్మ్ క్లబ్ వాళ్ళు మర్నాడు పొద్దున జపాన్ బొమ్మల సినిమా వేస్తున్నారనీ, చూసి మధ్యాహ్నానికల్లా రాసివ్వమనీ చెప్పారు. బొమ్మల సినిమా అంటే పిల్లి ఎలుకను తరమడమేనని నా జ్ఞానం. దానికోసం రెండు గంటలు కూర్చోవడం దేనికని, పాసులతోపాటు ఇచ్చిన కరపత్రంలో కథ చదివి, ఆ సాయంత్రమే పటమటలోని నా గదిలో సమీక్ష పూర్తి చేశాను. ‘బొమ్మలు పిల్లలకు చాలు, మనకు మనుషులు కావాలి’ అని ముగించి, వాక్యం భలే కుదిరిందని రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్ళి కామా గారి బల్లమీద పెట్టేశాను. ఆయన పన్నెండింటికి గాని రారు. కాగితం ఎప్పుడొచ్చిందో ఎవరు చూడొచ్చారు?

గదికి తిరిగొచ్చేసరికి గుమ్మంలో మా పిన్ని. మర్నాడు పన్ను చూపించుకోవాలని పామర్రు నుంచి తొలి బస్సుకే వచ్చేసింది. పగలంతా ఏం చేస్తాం, ఏదైనా సినిమాకు తీసుకెళ్ళమంది. జేబులో పాసులు గుర్తొచ్చాయి. సగం చూసి భోజనానికి వెళ్ళిపోదామని చెప్పి తీసుకెళ్ళాను.

అది థియేటర్ కాదు, ఓ మేడ మీది గది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ప్లాస్టిక్ కుర్చీల్లో పాతికమంది లేరు. మాటలు జపాన్‌వి, కింద ఇంగ్లీషు అక్షరాలు. పిన్నికి రెండూ రావు కాబట్టి చెవిలో అనువాదం మొదలుపెట్టాను. ఒక ఏటిమీద పడవ నడిపే ముసలావిడ కథ. పది నిమిషాలకు తెరమీద వాన మొదలైంది. ముందు దూరాన కొండ మసకబారింది, తర్వాత అవతలి ఒడ్డు మాయమైంది, ఆ తర్వాత పడవ చుట్టూ నీళ్ళమీద ఒక్కో చినుక్కీ ఒక్కో వలయం. ఆ వలయాలన్నీ ఎవరో కూర్చుని చేత్తో గీశారన్న ఊహ తట్టగానే పిన్ని పక్కనుందనే మరిచిపోయాను. అనువాదం ఆగిపోయింది. పిన్ని అడగనూ లేదు. కాసేపటికి తనే నా మోచెయ్యి పట్టుకుని, “మన రేవులో బల్లకట్టు తాత కూడా వానొస్తే ఇట్టాగే వంగి కూర్చునేవాడ్రా,” అంది. సగంలో లేవాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

దుప్పట్లు తీశారు, ఎండ కళ్ళలో పడింది. అప్పుడు నా వాక్యం గుర్తొచ్చింది. రెండింటికి పేజీ ప్రెస్సుకు వెళ్ళిపోతుంది. పిన్నిని వెంటబెట్టుకుని ఆఫీసుకు దాదాపు పరుగెత్తాను.

“సార్, ఆ రివ్యూ ఆపెయ్యండి,” అన్నాను రొప్పుతూ.

“ఏం, తప్పులున్నాయా?”

“లేవండీ. సినిమా చూశాను.”

కామా గారు కలం కింద పెట్టారు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసిన చూపుకు ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఏమీ దాచకుండా చెప్పేశాను. ఆయన గడియారం చూపించి, అరగంటలో కొత్తది కావాలన్నారు.

కూర్చున్నాను. ‘అద్భుతం’ అని రాసి కొట్టేశాను. ‘మహాద్భుతం’ అని రాసి అదీ కొట్టేశాను. సగం సమయం అయిపోయింది. కామా గారు మూల స్టూలుమీద కూర్చున్న పిన్ని వైపు తిరిగి, “అమ్మా, మీరైనా చెప్పండి. ఏముందండీ అందులో?” అని అడిగారు.

పిన్ని కొంగు సర్దుకుంది. “ఓ ముసలామె నలభయ్యేళ్ళు ఊరందర్నీ అవతలి ఒడ్డుకి దాటించిందండీ. ఆ గట్టెక్కి అవతల ఏవుందో తనెప్పుడూ చూళ్ళేదు. వంతెనొచ్చాక ఇంక పడవెక్కేవాళ్ళు లేరు. ఆఖర్రోజు ఒక్కతే దాటి, పడవ కట్టేసి, తనే గట్టెక్కి చూడ్డానికెళ్ళింది. అంతేనండీ.”

“అదే రాయి,” అన్నారు కామా గారు.

అదే రాశాను. సోమవారం అచ్చయింది. నా ట్రైనింగు మాత్రం ఇంకో మూడు నెలలు పొడిగించారు, అది న్యాయమే. ఆ తర్వాత ఎన్నో సినిమాలు చూశాను, ఎన్నింటి గురించో రాశాను. ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎంత పొగరు! కానీ తన తప్పు తెలిసిన పావుగంటకే, చెప్పేయడానికి ఎర్రటి ఎండలో పరుగెత్తాడు వాడు. ఇప్పుడు తప్పు అని తెలిసిన నా అభిప్రాయాలే నాలుగైదు ఉన్నాయి. తీరిగ్గా చూద్దాంలే అనుకుంటూ ఏళ్ళు గడుపుతున్నాను.