మంగళం పాడని మేళం

కరోనా తగ్గి, పెళ్ళిళ్ళు మళ్ళీ జనంతో జరగడం మొదలైన ఏడాది మాఘమాసంలో, ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటి పెళ్ళికి మేళం ఒప్పుకున్నాను. నాది హిందూపురం. బతుకంతా నాదస్వరం వాయించాను. నిరుడు ముందుపళ్ళు కదిలి, నోట్లో పెట్టి ఊదే పీక మీద పట్టు కుదరక మానుకున్నాను. మా వృత్తిలో రిటైర్మెంట్ వయసును బట్టి రాదు, పళ్ళను బట్టి వస్తుంది.

మేళానికి నాదస్వరం పెద్ద. డోలు దానికి సమఉజ్జీ. తాళం ఇద్దరినీ కట్టి ఉంచుతుంది. శ్రుతి పట్టే మనిషి ఒకడుండేవాడు; ఇప్పుడు ఆ పని కరెంటు పెట్టె చేస్తోంది. మా తాళం ఓబులేసు నాతోపాటు హిందూపురంలో రైలెక్కాడు. డోలు మస్తాన్ పెనుకొండలో ఎక్కాడు. మస్తాన్ తాత, తండ్రి కూడా పెళ్ళిళ్ళలో డోలు వాయించినవాళ్ళే.

పాత రోజుల్లో పెళ్ళివారే ఇంటికొచ్చి, తాంబూలంలో అచ్చారం పెట్టి మేళాన్ని పిలిచేవారు. అచ్చారమంటే బయానా. ఈసారి పిలిచింది కిశోర్ అనే ఈవెంట్ మేనేజరు. అచ్చారం లేదు, ఫోన్లో మాటే. మండపంలో అడుగు పెట్టగానే మెడలో వేసుకోమని తలా ఒక కార్డు ఇచ్చాడు. షామియానా కట్టేవాళ్ళకూ, కుర్చీలు మోసేవాళ్ళకూ, మాకూ ఒకటే నీలం కార్డు, దాని మీద ‘స్టాఫ్’ అని ఉంది. ఫొటోలు తీసే అతనిది బంగారు రంగు కార్డు. దాని మీద ‘ఆర్టిస్ట్’ అని ఉంది. కుర్చీలు మోసేవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు. బంగారు రంగు కార్డు ఇంకో మూడు అచ్చు వేయించడానికి అతనికేం అడ్డమొచ్చిందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ముహూర్తం సవ్యంగా జరిగింది. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం అందుకోవాలి. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, పసిబిడ్డ ఏడ్చినా ఆ చప్పుడు పెళ్ళిపీటల దాకా పోకుండా కప్పేయడం దాని పని. అందుకే మా కళ్ళు తాళిబొట్టు మీద ఉండవు, పురోహితుడి చేతి మీద ఉంటాయి. ఆ రోజు మేనమామ ఒకాయన గట్టిగానే తుమ్మాడు. ఎవరికీ వినపడలేదు.

అక్షింతలు పడ్డాక కిశోర్ దగ్గరికొచ్చి, ఒప్పుకున్నదాంట్లో సగం నా ఒళ్ళో పెట్టాడు.

“ఏమప్పా మేళం, పనైపాయ కదా. గట్టిగా ఊదింది రెండు నిమిషాలు. ఇంతకన్నా దుడ్లు ఏం ఇచ్చేది? యూట్యూబులో నొక్కితే ఊరికే వస్తాది. మంగళం వాయించి లేయండి, డీజే బాక్సులు పెట్టుకోవాల.”

అప్పుడే ఫొటోగ్రాఫరు వధూవరులను నిలబెట్టి బటన్ నొక్కుతున్నాడు. నొక్కింది ఒక్క క్షణమే కదా అని అతన్ని ఎవరూ అడగలేదు. మా రెండు నిమిషాల వెనక ఏముందో కిశోర్‌కు తెలియదు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు. ఆ నెలల తిండి కూడా ముహూర్తమున్న నెలలే పెట్టాలి. డోలు తోలు వానకు సాగుతుంది, ఎండకు బిగుస్తుంది, దాన్ని మార్పించాలి. మంచి పీక కావాలంటే తమిళదేశం నుంచి తెప్పించుకోవాలి. రోజూ సాధన చేయకపోతే ఊపిరి నిలవదు. ఇదంతా రేటులో ఉంటుంది. అతను లెక్కగట్టింది చప్పుడు ఒక్కదాన్నే.

ఇలాంటివాళ్ళు మేళగాళ్ళకు డబ్బు ముహూర్తం దాటాకే ఇస్తారు. దానికి కారణముంది. తాళి దగ్గర బేరం పెట్టకూడదన్నది మా కట్టుబాటు. ఎంత కోపమున్నా గట్టిమేళం ఆపం. ముహూర్తం దాటితే మా చేతిలో ఏమీ ఉండదని అతని ధీమా.

ఒకటి ఉంది. పెళ్ళివారు తాంబూలమిచ్చి సాగనంపితేనే మేళం మంగళం వాయిస్తుంది. మంగళం కాకుండా మేళం నోరు మూయించడం ఇంటికి మంచిది కాదంటారు. సగం డబ్బును కిశోర్ చేతికి తిరిగిచ్చి, మస్తాన్ వైపు తిరిగాను.

“ఏం రాగం పడదామన్నా?” అన్నాడు.

“తోడి.”

“తోడా! సచ్చినాడు పో,” అని డోలు తాడు బిగించాడు. తోడి తొందరగా తెమిలే రాగం కాదు.

మొదలుపెట్టాం. నేను అలిసిపోతే మస్తాన్ డోలు మీద విడిగా వాయించేవాడు. అతను చేతులు దులుపుకుంటే నేను అందుకునేవాణ్ణి. మొదటి బంతి భోజనాలు చేసి లేచింది, రెండోది లేచింది. డీజే కుర్రాళ్ళు వైర్లు పట్టుకుని నిలబడ్డారు. మండపంలో తర్వాతి ఫంక్షన్ డెకరేషన్ వాళ్ళు పూలబుట్టలతో గుమ్మం దగ్గరికొచ్చారు. ఓబులేసు తాళం ఒక్క దెబ్బ తప్పలేదు. కిశోర్ వచ్చి నా చెవిలో, “ఇంగ చాలు నిలపప్పా,” అన్నాడు. నోట్లో పీక ఉంది కాబట్టి జవాబు కూడా తోడిలోనే చెప్పాను. చివరకు మైకు తీయించబోయాడు.

పెళ్ళికూతురి అవ్వ అడ్డం వచ్చింది. ఒకప్పుడు మగ్గం మీద కూర్చున్న మనిషి.

“ఏమబ్బా, మంగళం కాకుండా మేళం ఆపుతావా? నీ ఇంట్లో పెండ్లా, నా ఇంట్లోనా?” అని అతన్ని పక్కకు తోసి, నన్నడిగింది: “సామీ, మీకు ఆకులూ వక్కలూ ఇంకా రాలేదా?”

నేను వాయిస్తూనే తల అడ్డంగా ఊపాను. మస్తాన్ డోలు ఆపకుండానే, “సగమే ఇస్తే తిరిగిచ్చినామవ్వా. మొత్తం కోసం వాయిస్తాండాం,” అన్నాడు.

అవ్వ కొడుకును, అంటే పెళ్ళికూతురి తండ్రిని, అందరి ముందూ కేకేసింది. “నేసేటోళ్ళకి కూలి కోసేది చాలక, మేళమోళ్ళకి గూడా కోస్తివేమిరా?”

ఆయన ముఖం ఎర్రబడింది. “నేనేడ కోసినానమ్మా! మేళం దుడ్లు మొత్తం మొన్ననే ఇచ్చినా,” అని కిశోర్ వైపు తిరిగాడు. “యాడికి పాయ అబ్బా ఆ దుడ్లు?” కిశోర్ సర్వీసు చార్జీ అన్నాడు, మేనేజ్‌మెంట్ అన్నాడు. అవ్వకు ఆ మాటలు తెలియవు. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు పెట్టి అతని ముందు చాపి నిలబడింది. అతను మొత్తం డబ్బు పళ్ళెంలో పెట్టేదాకా కదలలేదు.

తాంబూలం అందుకుని మంగళం వాయించాం. డీజే కుర్రాళ్ళే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. అవ్వ మమ్మల్ని ఆఖరి బంతికి ఉంచకుండా బంధువుల వరసలో కూర్చోబెట్టి ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డించింది. తిరుగురైల్లో మస్తాన్ పెనుకొండ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తాంబూలంలో రెండు అరటిపళ్ళు ఉండాలి. మాకు ఒక్కటే వచ్చింది. అవ్వ తొందరలో ఉంది కాబట్టి దాన్ని కిశోర్ ఖాతాలోనే వేశాను.

ఆ తర్వాత నేను మానుకునేదాకా మధ్యవర్తితో మేళం ఒప్పుకోలేదు. పెళ్ళివారితోనే మాట్లాడి, అచ్చారం తీసుకుని, మిగతాది తాంబూలంలో ఇచ్చాకే మంగళమని ముందే చెప్పేవాణ్ణి. దానివల్ల కొన్ని పెళ్ళిళ్ళు పోయాయి. వాయించిన ఏ పెళ్ళిలోనూ కూలి పోలేదు. కళాకారుడికి గౌరవం కావాలని సభల్లో చాలామంది చెబుతారు. నేను తెలుసుకున్నది అంతకంటే చిన్న సంగతి: ఒప్పుకున్న డబ్బు ఒప్పుకున్నట్టు ఇచ్చే ఇంట్లో గౌరవాన్ని విడిగా అడగాల్సిన పని మాకు ఎప్పుడూ పడలేదు.