అభయానంద స్వామి వంతెన దాటిన రోజు

అభయానంద స్వామికి భయం. ఫలానాదంటేనే అని కాదు, ఏదైనా సరే భయమే. సన్యాసమిచ్చిన గురువుగారు ఆ పేరు వేళాకోళానికి పెట్టారో, ఆశ కొద్దీ పెట్టారో గంగమ్మకే ఎరుక. బల్లి అరిస్తే ఉలిక్కిపడతారు. ఆవు తల విదిలిస్తే దారి మార్చుకుంటారు. ఉరిమిందంటే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి సరూలీ వెనక నక్కుతారు. ఉత్తరకాశీకి ఎగువన, భాగీరథి ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో సరూలీయే వంట మనిషి. రాగి రొట్టెలు తిప్పుకోవాలా, ఈయన్ని ఓదార్చుకోవాలా అని ఆవిడ గొణుక్కునేది.

పాఠం మాత్రం అద్భుతంగా చెప్పేవారు. మనిషిని పీడించే క్లేశాలు ఐదని, చావు భయం వాటిలో ఆఖరిదని, ఎంత చదువుకున్నవాణ్నయినా అది వదలదని ఒకరోజు వివరిస్తున్నారు. ఇంతలో రేకుల మీదికి కోతి దూకింది. చూసేసరికి స్వామీజీ స్తంభం వెనక ఉన్నారు. శిష్యులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"ఉదాహరణ లేకుండా నేను పాఠం చెప్పను," అన్నారాయన, అక్కణ్నుంచే.

ఆశ్రమం నుంచి అవతలి ఊరికి ఒక ఇనుప తీగల వంతెన ఉంది. స్వామీజీ దాని మీద అడుగు పెట్టగా చూసినవాళ్లు లేరు. ఆయన క్షేత్ర సన్యాసం పట్టారని, ఈ ఒడ్డు దాటనని గంగకి మాటిచ్చారని జనం దణ్ణాలు పెట్టేవారు. ఆయన అవుననేవారు కాదు, కాదనేవారూ కాదు. సరూలీ కూడా దాటేది కాదు. ఆవిడ మొగుడు కుందన్ ఒక వానాకాలం ఆ వంతెన మీంచే జారి నదిలో పడ్డాడు. శవం కూడా దొరకలేదు.

శ్రావణంలో ఒక పొద్దున అవతలి ఊరి నుంచి కబురొచ్చింది. అక్కడ కాపురముంటున్న సరూలీ కూతురు గోదాంబరికి తొలికాన్పు. నొప్పులు వస్తున్నాయి గానీ బిడ్డ రావడం లేదట, అమ్మ కావాలని ఒకటే ఏడుపట. సరూలీ పరుగున వంతెన దాకా వెళ్లింది. కింద బురద నీళ్లు హోరెత్తుతున్నాయి. తీగ పట్టుకుని అక్కడే కూలబడింది. కన్నకూతురు అక్కడ అల్లాడుతుంటే తల్లికి ఇక్కడ కాలు కదలడం లేదు. ఆ క్షణంలో తనంటే తనకే అసహ్యం వేసింది.

వెనక నుంచి స్వామీజీ వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పదమ్మా, నేనూ వస్తాను."

"మరి మీ వ్రతం?"

"వ్రతమా, నా మొహమా. నాకు భయం. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు," అన్నారు. ఊపిరి పీల్చడం గురించి బెంగపడొద్దని, నెమ్మదిగా వదలడం ఒక్కటే చూసుకోమని చెప్పి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

ఇద్దరూ ఒక్కో పలకా చూసుకుంటూ బయల్దేరారు. నడి వంతెన మీద గాలి కొట్టేసరికి ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరవండి స్వామీ, ఇక్కడ పలక లేదు, కాలు ఇటు వెయ్యండి అని కసురుతూ, ఆయన్ని ఈడ్చుకుంటూ సరూలీ ఒడ్డు చేరింది. చేరాక గానీ తను దాటానని తెలియలేదు.

సాయంత్రానికి తల్లీ బిడ్డా రెండు ప్రాణాలయ్యారు. సరూలీ బయటికొచ్చి స్వామీజీ ఏరని అడిగింది. తిరిగి వెళ్తూ నడి వంతెన మీద సమాధిలో కూర్చున్నారని, ముట్టుకుంటే మహాపాపమని అందరూ ఆగిపోయారని చెప్పారు. వెళ్లి చూస్తే రెండు ఒడ్డుల మీదా జనం. కర్పూరం వెలుగుతోంది. కాపరి మేకల మందని ఆపుకుని నిలబడ్డాడు. మధ్యలో స్వామీజీ పద్మాసనంలో ఉన్నారు. శాలువా కింద రెండు చేతులూ తీగల్ని ఉడుంపట్టు పట్టాయి.

సరూలీ గబగబా నడిచి వెళ్లి పక్కన కూర్చుంది. ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఏ బిడ్డ?"

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. మీరు ఒక్కరే తిరిగి దాటలేరని పొద్దున తెలియదా స్వామీ?"

"తెలుసమ్మా. అది తరవాత చూసుకోవచ్చులే అనుకున్నాను."

సరూలీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. కుందన్ పోయిన ఆ వంతెన మీద కూర్చుని కడుపారా నవ్వింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటే తీగ నుంచి విడదీసి, చెయ్యి పట్టుకుని లేపింది. తరవాత ఒడ్డున చేతులు జోడించిన జనానికి వినబడేలా చెప్పింది.

"స్వామీజీ సమాధిలోంచి లేచారు, దారివ్వండి. ఆ మేకల్ని కాస్త దూరంగా పట్టుకోండి బాబూ. సమాధిలోంచి లేచినవాళ్లకి మేకలు పడవు."