అత్తను ఎక్కించిన చక్రాల కుర్చీ

వెన్నుపోటు అయినవాళ్ళే పొడుస్తారని విన్నాను. నా విషయంలో అది అక్షరాలా జరిగింది. పొడిచింది నా సొంత వెన్నే. ఆ పోటుతో థీమ్ పార్కుకు వెళ్ళి, వందమంది ముందర నా పరువును ఎలా ఊరేగించానో చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం గట్టిగా నవ్వితే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు, తిరువళ్ళూరులో కాపురం. నడుములో డిస్కు ఒకటి నన్ను అడక్కుండానే పక్కకు జరిగింది. డాక్టరు బెల్టు కట్టించి, వంగొద్దు, బరువులెత్తొద్దు, కుదుపులొద్దు అన్నాడు. అన్నిటికీ తల ఊపాను, నొప్పి లేకుండా ఊపగలిగింది అదొక్కటే గనుక. చిక్కేమిటంటే, అంతకుముందే మా ఎనిమిదేళ్ళ వెన్నెలకు మాట ఇచ్చేశాను, ఎత్తునుంచి నీళ్ళలోకి జారే పడవలో తన పక్కనే కూర్చుంటానని. పెద్దవాళ్ళ తోడు లేనిదే అంత చిన్నపిల్లల్ని ఆ పడవ ఎక్కనివ్వరు. పిల్ల ఆరు నెలలుగా ఆ రోజు కోసమే బతుకుతోంది. వెన్నుకు బాగాలేదని వెన్నెలకు ఎలా చెప్పేది?

మా ఆవిడకు ఆవడిలో షిఫ్టు ఉంది. తోడుగా కే.జీ.కండిగై నుంచి అత్త వచ్చింది. పిల్లనిచ్చిన అత్తే కాదు, మా నాయన తోడబుట్టినది కూడా, అందుకే నన్ను తిట్టడానికి ఆమెకు రెండువైపులా హక్కుంది. అరవై అయిదేళ్ళ వయసులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా శెనక్కాయ చేలో కలుపు తీసి, ఇంటికొచ్చి ఇంకేం పనుందని అడిగే మనిషి.

గేటు దగ్గర నేను నెత్తిమీద కనబడని నిండు కడవ మోస్తున్నవాడిలా నడుస్తూ ఉంటే, అక్కడ పనిచేసే ఒకామె చూసి జాలిపడి చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. ఎవరికని తమిళంలో అడిగింది.

ఇక్కడ మీరు నా స్థానంలో ఉండి ఆలోచించాలి. అత్త నిలబడి ఉండగా అల్లుడు కూర్చోవడమే మా ఇళ్ళలో తప్పు. అలాంటిది అల్లుడు కూర్చుని, అత్త తోయడమా? డిస్కు లాగే నోరు కూడా జారింది. "మా అత్తకమ్మా" అనేశాను.

అత్త నన్ను పైకీ కిందికీ చూసింది. "నా కాళ్ళకేమొచ్చిందప్పా?"

"ఎండ ఎక్కువుండాది. ఊరికే కూచో అత్తా."

ఏమనుకుందో, కూర్చుంది. నేను వెనక పిడులు పట్టుకున్నాను. ఆహా, ఏమి సుఖం! బరువంతా కుర్చీమీద వాలిస్తే నడుము నడవనిచ్చింది. పైగా చూసినవాళ్ళంతా నన్ను మెచ్చుకోవడమే. ఆడవాళ్ళు తమ భర్తలకు నన్ను చూపిస్తున్నారు. నుదుటినిండా విభూతితో తిరుత్తణి పెద్దావిడ ఒకామె పక్కన నడుస్తూ, అత్తకు ఎన్నాళ్ళుగా ఇలా అని అడిగింది. పొగడ్త తలకెక్కిన నేను, రెండేళ్ళుగా కాళ్ళు రావడం లేదని చెప్పాను. అత్త మెడ తిప్పి ఒక్క చూపు చూసింది.

పడవ దగ్గర జనం పక్కకు తొలగి మాకు దారి ఇచ్చారు. వెన్నెల ఎగిరి కూర్చుని పక్క సీటు తట్టింది. నడిపేవాడు అత్తను చూసి, ఆమెను ఇక్కడే వదిలి మీరు పాపతో ఎక్కండి సార్ అన్నాడు.

ఎక్కాను. అంటే, ఒక కాలు ఎక్కింది. రెండోది గట్టుమీదే ఉండిపోయింది. మధ్యలో నడుము తుప్పుపట్టిన కాంపాసులా బిగుసుకుపోయింది. లోపలికి రాలేను, వెనక్కి పోలేను. పెద్దవాళ్ళు ఎక్కకపోతే పాపను దింపేస్తానన్నాడు నడిపేవాడు. వెన్నెల పెదవి వణకడం మొదలైంది.

అత్త లేచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. నా నడుము బెల్టు రెండుచేతులా పట్టుకుని, శెనక్కాయ చెట్టును వేళ్ళతో సహా పీకినట్టు నన్ను గట్టుమీదికి పీకింది.

"నడుము నీది, బండి నాకా?" అని చెవిలో అని, పడవెక్కి మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. పడవ కదిలిపోయింది.

క్యూ అంతా కొయ్యబారింది. పెద్దావిడ రెండుచేతులూ నెత్తిమీద పెట్టి "మురుగా" అంది. వెనకనుంచి పదిమంది ఆ స్వామికే "అరోగరా" అని జేకొట్టారు. సరిగ్గా అప్పుడే నా కాళ్ళు సడలి, ఖాళీ కుర్చీలో కూలబడ్డాను. నాకు సుఖంగానే ఉంది. కానీ వాళ్ళ కళ్ళతో చూడండి: ఆమె లేచింది, అతడు పడ్డాడు.

పైనుంచి పడవ దూకింది. అత్త చేతులు రెండూ ఆకాశంలో ఉన్నాయి. వెన్నెల నవ్వు నీళ్ళ చప్పుడును మించి వినబడింది. నా కళ్ళలో పడింది ఆ తుంపరే అని మీరు నమ్మాలి.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పెద్దావిడ నా నుదుట విభూతి పెట్టి, అత్త జబ్బును తన ఒంటిమీదికి తెచ్చుకున్న ఇలాంటి అల్లుణ్ణి జన్మలో చూడలేదని క్యూకంతటికీ చెబుతోంది. ఒకాయన తన అల్లుణ్ణి పిలిచి మరీ నన్ను చూపించాడు. ఇక నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నీళ్ళు కారుతున్న అత్త నా భుజం నొక్కింది.

"నోరు మూసుకోని కూచో. దావ ఇడస్తా ఉండారు. పిల్ల ఇంకో తూరి ఎక్కాలంటాది." తడికొంగు పిండుకుంటూ, "నేనూ ఎక్కాల" అంది.

ఆ రోజు వాళ్ళిద్దరూ మూడుసార్లు ఎక్కారు. ప్రతిసారీ అత్త నన్ను మూటను తోసినట్టు తోసుకుంటూ ముందుకు నడిచింది, జనం చేతులు జోడించి దారి ఇచ్చారు.

కాబట్టి మురుగన్ ఉండే తిరుత్తణి కొండవైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. నా జబ్బును ఇకమీదట నేనే అనుభవిస్తాను, అత్తతో సహా ఎవరికీ దానం చెయ్యను. ఇలాంటి ప్రమాణం నిలబడి చెయ్యాలని తెలుసు. కానీ కుర్చీ ఉంది, కూర్చునే చేశాను.