కలీపా కెమెరా

సూసమీర్ కొండదారి మరమ్మతుల్లో ఎర్రజెండా పట్టే కలీపాకి ఎండు పెరుగుండ ఒకటి బుగ్గన పెట్టుకుంటే గాని పని మొదలవదు. బండ్ల వేగం పట్టే కెమెరాను మూడుకాళ్ల స్టాండు మీద తనే నిలబెడుతుంది, తలగుడ్డ కొసతో దాని అద్దం తుడుస్తుంది, గాలికి పడిపోకుండా కాళ్ల చుట్టూ రాళ్లు పేరుస్తుంది. పోయినేడు తనతోపాటు పనిచేసే మైరమ్ తారు పోస్తుండగా, వేగంగా వచ్చిన ఒక లారీ ఇక్కడే గుద్దేసింది. అప్పటినుంచి ఆ కెమెరా మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వదు. ఆ ఉదయం టాక్సీ పక్కకు ఆపి రుసరుసలాడుతూ వచ్చినవాడు స్వయానా ఆమె తమ్ముడు ఎర్మెక్.

"అక్కా, నీ దయవల్ల మళ్లీ జరిమానా పడింది. నేనొచ్చే వేళకి దాన్ని కాస్త కొండవైపు తిప్పితే నీ సొమ్మేం పోయింది?"

"తిప్పుతాలేరా. ముందు ఈ జెండా పుచ్చుకుని నా చోట నిలబడు. నీలాంటివాడొకడు దూసుకొస్తాడు చూడు, అప్పుడు తిప్పుతా."

"సొంత తమ్ముడికంటే ఆ డబ్బా ఎక్కువైపోయిందా?"

"నువ్వు బ్రేకు తొక్కవు. అది తొక్కిస్తుంది."

"ఉండు, నీ డబ్బాకి ఇవాళ ఒక్కడు కూడా చిక్కకుండా చేస్తా!"

ఎర్మెక్ విసురుగా తలుపు వేసుకుని కదిలాడు. ముందు కెమెరా ఉందని ఎదురొచ్చేవాళ్లకి లైట్లు కొట్టి చెప్పడం ఆ దారి డ్రైవర్లకు అలవాటే. కనబడ్డ ప్రతి బండికీ కసిగా లైట్లు కొట్టుకుంటూ వాడు లోయలోకి దిగాడు. కాసేపటికి కింది మలుపులోంచి లారీలు, వ్యాన్లు కొత్తకోడళ్లలా అణకువగా ఎక్కి వచ్చాయి. తారు పోసేవాళ్లకి బెదిరి తల ఎత్తే పనే పడలేదు. కలీపా పెరుగుండను ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుని, "కొట్టరా తమ్ముడూ, ఇంకా కొట్టు," అంది.