ఒక రోజు చలి, నాలుగు నెలల మరపు

పోయిన సోమవారం బాగేపల్లిలో మా బడి ప్రార్థన గంట కొట్టకముందే ఫోన్ వచ్చింది. మా ఊరు పాతపాళ్య నుంచి లైన్‌మన్ చేశాడు. "మీ పెద్దనాయన లేయలేదమ్మా. పొద్దున్నే తలుపు తట్టితే పలకలేదు. లోపలికి పోయి చూస్తే నిద్రలోనే పోయుండారు" అన్నాడు. పిల్లలను ఇంకో టీచరుకు అప్పగించి బస్సెక్కాను.

నేను పోయేసరికి ఇంటి ముందర జనం ఉన్నారు. వాళ్ళలో ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "అప్పుడు మాదిరి ఐసు పెట్టిస్తే బతకడా తల్లీ?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఆ చలి పోయిన ప్రాణాన్ని తీసుకురాదని, తిరిగొచ్చిన ప్రాణానికి కాపలా కాస్తుందని చెప్పాను. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. ఐదేళ్ళ కిందట నాకూ అర్థం కాలేదు.

మా నాయనకు పెద్దనాయన ఒక్కడే అన్న. పెద్దనాయనకు పిల్లలు లేరు. నాకు ఆరేళ్ళప్పుడు, నన్ను పెంచుకుంటామని ఆయనా పెద్దమ్మా అడిగితే నాయన సరేనన్నాడు. మూడు నెలలు వాళ్ళింట్లో పెరిగాను. పెద్దమ్మ రోజూ రెండు జడలు వేసేది. పెద్దనాయన రాగిముద్దలో గుంట చేసి, అందులో ఉలవచారు పోసి, "చెరువు నిండింది, మింగు" అనేవాడు. మూడు నెలలకు మా అమ్మ దిగులుతో మంచం పట్టింది. నాయన వచ్చి నన్ను ఎత్తుకుపోయాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే వీధి, ఒకదాని పక్కన ఒకటి చేలు. పద్దెనిమిదేళ్ళు మాటల్లేవు. పెద్దమ్మ పోయినప్పుడు కూడా నాయన గడప బయటే నిలబడి వచ్చేశాడు.

ఆమె పోయిన రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం ఇద్దరూ బోరు దగ్గర షెడ్డులో కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరు ముందు పలకరించారో, ఏమి అనుకున్నారో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు. అమ్మ ఏమీ అడగకుండా రెండు తట్టలు వేసి అన్నం పెట్టింది. సెలవుకని ఇంటికి వచ్చిన నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. పెద్దనాయన నన్ను చూసి, "చెరువు నిండిందా పాపా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అది జరిగిన నాలుగు నెలలకు, అన్నదమ్ములు కలిసి టమోటాకు నీళ్ళు కడుతుండగా, బోరు స్టార్టర్ డబ్బా ముట్టుకుని, కరెంటు కొట్టి పెద్దనాయన పడిపోయాడు. దారిన పోతున్న మా ఊరి లైన్‌మన్ పరుగెత్తుకొచ్చి కరెంటు తీసి, రొమ్ము మీద ఒత్తుతూ జీపులో బాగేపల్లి దాకా వచ్చాడు. అక్కడి డాక్టర్లు గుండెను మళ్ళీ కొట్టించారు. ఆయన కళ్ళు మాత్రం తెరవలేదు. చిక్కబళ్ళాపురం దాటి బెంగళూరు చేరేదాకా అంబులెన్సులో నాయన అన్న చెయ్యి వదల్లేదు.

బెంగళూరు ఆస్పత్రి డాక్టరు కన్నడంలో, మధ్యలో ఇంగ్లీషు కలిపి చెప్పాడు. ఇంగ్లీషు ముక్కలు నేను నాయనకు విడమరిచాను. కొన్ని జంతువులు చలికాలమంతా ఒళ్ళు చల్లబరుచుకుని, గుండె నెమ్మదిగా కొట్టుకుంటూ పడుకుంటాయట. అప్పుడు మెదడుకు ప్రాణవాయువు తక్కువైనా ఓర్చుకుంటుందట. మనిషికీ అట్లాంటి నిద్ర తెప్పించగలిగితే పెద్ద పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళను రోజుల తరబడి కాపాడవచ్చని ఎక్కడెక్కడో వెతుకుతున్నారట. "అది ఇంకా కలే. ఇప్పుడు మా చేతిలో ఉండేది ఒక్క రోజు చలి, ఒళ్ళు చల్లబరిచి ఉంచడం. కాపాడవచ్చు, కాపాడకపోనూ వచ్చు. ఊపిరితిత్తులకు జబ్బు రావచ్చు, రక్తం గడ్డకట్టక ఇబ్బంది కావచ్చు. లేచినా ముందు మనిషి మాదిరి ఉంటారని మాట ఇవ్వలేను" అన్నాడు.

"చలి పెడితే బతికేదేందమ్మా? మనం చలేస్తే కంబళి కప్పుతాం కదా" అన్నాడు నాయన నాతో. తర్వాత కాగితం మీద సంతకం చేశాడు. 'రోగికి ఏమవుతారు' అన్న చోట కన్నడంలో 'తమ్ముడు' అని రాశాడు.

చంకల్లో, మెడ పక్కన, తొడల దగ్గర ఐసు సంచులు పెట్టారు. వణుకు రాకుండా మందులిచ్చారు. మమ్మల్ని ఒక్కసారి లోపలికి పంపారు. నాయన అన్న పాదం ముట్టుకుని వెంటనే చెయ్యి తీసేశాడు. "మా అమ్మ పోయినప్పుడు ఎత్తితే ఇట్లనే చల్లగా ఉండె" అన్నాడు. మరుసటి రోజు కొంచెం కొంచెంగా వెచ్చబరిచారు. తొందరపడితే అదే ప్రమాదమన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం పెద్దనాయన కళ్ళు తెరిచాడు. నన్ను చూసి "పాపా" అన్నాడు. నా వెనక నిలబడిన నాయనను చూశాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"వీడెందుకు వచ్చినాడు ఈడికి?"

ఆ నాలుగు నెలలు ఆయనలో లేవు. షెడ్డులో మాట్లాడుకున్నది, మా ఇంట్లో తిన్నది, కలిసి నాటిన టమోటా, ఏదీ లేదు. చలి వల్లనో, మందుల వల్లనో, గుండె ఆగిన ఆ కొద్ది నిమిషాల వల్లనో విడదీసి చెప్పలేమన్నాడు డాక్టరు. పద్దెనిమిదేళ్ళ కోపం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఊరికి వచ్చాక జనం చూడ్డానికి వచ్చారు. పిల్లలు దూరం నుంచి చెయ్యి చాపి ముట్టుకుని పారిపోయేవాళ్ళు. మొదట్లో ఆయన నవ్వేవాడు. తర్వాత ఎవరో పెళ్ళిపత్రిక మాత్రం ఇచ్చి, పెళ్ళికి రమ్మని నోటితో పిలవకుండా పోయారు. చచ్చి వచ్చినవాడు శుభకార్యానికెందుకని వెనక మాట. అది ఆయన చెవిన పడింది. ఇక ఏ ఇంటికీ పోలేదు. ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడు. మరపంటే భయం పట్టుకుంది. క్యాలెండర్ కాగితాల వెనక, ఆయన చదివింది కన్నడ బడిలో కాబట్టి కన్నడ అక్షరాల్లో తెలుగు మాటలతో, ఆ రోజు ఏం తిన్నాడో, ఎవరు పలకరించారో రాసుకునేవాడు. చాలా తేదీల కింద 'ఎవురూ రాలేదు' అని ఉండేది.

నాయన రోజూ పోయి ఎదురుగా కూర్చుని వచ్చేవాడు; ఆ రాకను పెద్దనాయన రాసుకునేవాడు కాదు. "మీరు కలిసిపోయినారని చెప్పొచ్చు కదా నాయనా" అంటే, "నేనే చెప్తే అడుక్కున్నట్టుంటాదమ్మా" అన్నాడు. చివరకు నేనే చెప్పాను. పెద్దనాయన నమ్మలేనట్టు చూశాడు. మరుసటి రోజు మా ఇంటికి వచ్చి నాయన ముందర నిలబడ్డాడు.

"నాకు గ్యాపకం లేదురా. మనం మాట్లాడుకున్నామని పాప చెప్తాండాది. పాప అబద్ధం చెప్పదు. నమ్ముతాండా."

"ఏం మాట్లాడుకున్నామో చెప్పేదా అన్నా?"

"ఇప్పుడొద్దులేరా. నేను కొంచెం కుదుటపడనీ."

ఆయన కుదుటపడేలోపే నాయన పోయాడు. జ్వరమని చింతామణి ఆస్పత్రికి తీసుకుపోతే వారంలో అయిపోయింది. ఆ షెడ్డులో మాట్లాడుకున్న మాటలు ఒకరిలో చెరిగిపోయాయి, ఇంకొకరితో మట్టిలో కలిసిపోయాయి.

తర్వాత నేను ఎప్పుడు పోయినా పెద్దనాయన అదే అడిగేవాడు. "మీ నాయన నీకేమన్నా చెప్పినాడా పాపా? నేను వాణ్ణి క్షమించినానా, వాడు నన్ను అడిగినాడా?" ఒకసారి ఆ ముఖం చూడలేక కల్పించి చెప్పబోయాను. నాయన ఏడ్చాడని, కాళ్ళు పట్టుకున్నాడని. రెండు మాటలకే ఆపేశాడు. "వద్దు పాపా. అల్లుతాండావు. నీకు అల్లడం రాదు."

ఆ డాక్టర్లను నేను నిష్ఠూరమాడితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "వాళ్ళను అనొద్దు. మీ నాయన నా ప్రాణం అడిగినాడు, వాళ్ళు ఇచ్చినారు. గ్యాపకాలు కూడా ఇయ్యండని ఎవురడిగినారు?" అనేవాడు. ఇంకోసారి, "మనిషిని నిద్రపుచ్చేది నేర్చుకుంటాండారు, మంచిదే. లేచినోడు ఎవురితో మాట్లాడాలనేది ఎవురు నేర్పిస్తారు?" అన్నాడు. నెలకొకసారి పోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అదీ కొన్ని నెలలు తప్పింది. అది నా తప్పు.

కిందటి నెల ఆయన నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. ఆ రోజు షెడ్డు ఊసు ఎత్తలేదు. చిన్నప్పుడు వాగులో నీళ్ళొస్తే నాయన భయపడి ఒడ్డునే నిలబడిపోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పాత రోజులు ఒక్కటీ చెదరలేదు. చొక్కా రంగుతో సహా చెప్పాడు. "అప్పుడు మీ నాయన ఇంతే ఉండె" అని అరచెయ్యి నడుము దగ్గర పట్టి చూపించాడు. అంతలో బస్సు వచ్చింది. మిగతాది ఈసారి వచ్చినప్పుడు వింటానని ఎక్కేశాను. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎండలో, ఖాళీ రోడ్డు పక్కన ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. అరచెయ్యి ఇంకా కిందికి దించలేదు, ఒక చిన్న పిల్లవాడి తల మీద ఆనించినట్టు.