నూట ఇరవై గళ్ల కల్లం

ఆ రోజుల్లో సైకిలుకు స్టాండు ఉండేది కాని, ఆ స్టాండు వేయడానికి ఫలానా చోటు అంటూ ఉండేది కాదు. మనిషి ఎక్కడ దిగితే బండి అక్కడే ఆగేది. గోడ ఉంటే గోడకు, చెట్టు ఉంటే చెట్టుకు, ఏదీ లేకపోతే ముందొచ్చినవాడి సైకిలుకు ఆనించి లోపలికి పోయేవాళ్లం. సాయంత్రం అడుగునున్న సైకిలు కావలసినవాడు, పైనున్న పదిమందీ బయటికి వచ్చేదాకా టీ తాగుతూ కూర్చునేవాడు. మా విశ్వవిద్యాలయంలో సగం స్నేహాలు ఆ టీల దగ్గరే కుదిరాయని నా నమ్మకం. (ఒక పెళ్లి కూడా కుదిరింది. అది నాది కాదు. నాది చెడిపోబోయింది. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.)

మిరప చేలకూ పత్తి చేలకూ మధ్య కొత్తగా కట్టిన విశ్వవిద్యాలయం అది. అక్కడ ఇంజనీరింగు విభాగంలో నేను జూనియర్ అసిస్టెంటుని. ప్రొబేషన్ ముగియడానికి నెలన్నర ఉంది. మార్టూరు దగ్గర ఒక రైతు తన పెద్దమ్మాయిని నాకిస్తానని తాంబూలాలు పుచ్చుకుని, "ఉద్యోగం పర్మినెంటైన కాగితం చూపించు అల్లుడూ, మర్నాడే ముహూర్తం పెట్టిస్తా" అన్నాడు. ఆ కాగితానికి సిఫారసు రాయవలసినవారు మా సూపరింటెండెంటు గారు. ఆయన్ని మేమంతా చాటుగా నోట్‌ఫైల్ గారు అనుకునేవాళ్లం, దాహం వేసినా ముందు ఒక నోటు పెట్టమనే మనిషి కనుక. నేను డైరీలో మిగిలిన రోజులకు వరుసగా అంకెలు వేసుకుని, గడిచినకొద్దీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ, గట్టిగా తుమ్మితే ఎవరికి కోపం వస్తుందోనన్నంత జాగ్రత్తగా మసలుతున్నాను.

సరిగ్గా అప్పుడే కొత్త రిజిస్ట్రారు గారు వచ్చారు. ఆయనది ఈ ప్రాంతం కాదు. వచ్చిన వారంలోనే సర్క్యులర్ తీశారు. ప్రధాన భవనం ముందు ఇక ఏ వాహనమూ ఆగరాదు, టౌను బస్సు లోపలిదాకా రాకుండా గేటు దగ్గరే తిరిగిపోవాలి, గేటు పక్క ఖాళీ స్థలంలో సైకిళ్లకూ స్కూటర్లకూ కార్లకూ గళ్లు గీసి, సోమవారం ఉదయం పదిన్నరకు ప్రారంభించాలి. నోట్‌ఫైల్ గారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "నీ మీద వదిలేస్తున్నానోయ్. ఇది బాగా చేస్తే నీ సిఫారసు సంగతి నేను చూసుకుంటాను. చేయలేదా, అదీ నేనే చూసుకుంటాను" అన్నారు.

నా పెళ్లి ఇప్పుడు ఆ ఖాళీ స్థలంలో ఉందన్నమాట. ఒళ్లు దాచుకోకుండా చేశాను. ముళ్ల కంపలు కొట్టించి, గ్రావెల్ తోలించి, రోలరు తిప్పించాను. చిన్న రాయి కూడా మిగలకూడదని కూలీలను వరసగా కూర్చోబెట్టి ఏరించాను. అంతా అయ్యాక చూస్తే గాలికి దుమ్ము లేస్తోంది. రిజిస్ట్రారు గారి తెల్ల చొక్కా గుర్తొచ్చింది. దుమ్ము అణగాలంటే మా ఇంట్లో ఏం చేసేవారో నాకు పుట్టుకతో తెలుసు. దగ్గరి ఊరి నుంచి పేడ తెప్పించి, నీళ్లలో కలిపించి, నేలంతా రెండుసార్లు చల్లించాను. ఆరాక టేపు పెట్టి కొలిచి, సున్నంతో నూట ఇరవై గళ్లు గీసి, ప్రతి గడిలోనూ నంబరు వేశాను. పని జరుగుతుండగా గళ్ల తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి, "ఇదంతా దేనికి బాబూ?" అని అడిగాడు. ఆఫీసు సంగతి ప్రారంభానికి ముందు బయటపెట్టకూడదు కదా. "సోమవారం తెలుస్తుంది" అని గంభీరంగా చెప్పాను. ఆయన వంగి, నేల మీద అరచేయి రాసి చూసుకుని, తల ఊపుతూ వెళ్లిపోయాడు. ఆ తల ఊపుడుకు అర్థం నాకు తెలిసి ఉండవలసింది. నేను మిరప రైతు కొడుకునే. అది ఫిబ్రవరి నెల. చుట్టుపక్కల ప్రతి చేలోనూ కోతలు నడుస్తున్నాయి. (పార్కింగు బోర్డు రాసే పెయింటరు సోమవారం పొద్దున తెస్తానన్నాడు. తేలేదు.)

ఆదివారం మా ఊరెళ్లి, సోమవారం ఉదయం టౌను బస్సులో తిరిగి వచ్చాను. ఇంకా గేటు రాకముందే బస్సులో అందరూ తుమ్ముతున్నారు. దిగి చూస్తే నా పార్కింగు స్థలం ఎర్రగా ఉంది. అంచు నుంచి అంచుదాకా మిరపకాయలు. నూట ఇరవై గళ్లలోనూ ఉన్నాయి. ఒక్క కాయ గీత దాటలేదు. గళ్ల మధ్య నడకదారుల్లో ఆడవాళ్లు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను పరుగెత్తబోయాను.

"ఏమయ్యోయ్! చెప్పులతో తొక్కమాక. కాయ పగుల్తది!" అని ఒకావిడ కేకేసింది. "నీ గడి ఏ నంబరు? మాది పద్నాలుగు."

"గడి కాదమ్మా, ఇది స్కూటర్లు పెట్టే చోటు!"

"స్కూటరుకు పేడనీళ్లెందుకయ్యా? అవి చల్లేది కాయ ఆరబోసే కల్లానిక్కదా!"

నిజమే, ఎందుకు? అంతలో గళ్ల తువ్వాలు పెద్దాయన వచ్చాడు. ఆయన చేతులు పట్టుకుని, "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, పదిన్నరకు పెద్ద సారు వస్తున్నారు, తీయించు, నా ఉద్యోగం పోతుంది" అన్నాను.

"తీసేత్తాం లేరా అబ్బాయ్, మేమేమన్నా దొంగలమా? ఇంకో రెండెండలు పడనీ. ఇప్పుడెత్తితే ముక్కిపోద్ది. రైతుబిడ్డవేగా, నీకు నేను చెప్పాలా?"

ఈలోపు ఆఫీసు వాళ్ల స్కూటర్లూ లెక్చరర్ల సైకిళ్లూ రావడం మొదలైంది. సర్క్యులర్ ప్రకారం వాచ్‌మన్ ఎవర్నీ లోపలికి పోనివ్వడు, మిరపకాయల వాళ్లు ఇటు రానివ్వరు. జనం రోడ్డు మీదే నిలబడి తుమ్ముతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నోట్‌ఫైల్ గారు తన స్కూటరు పట్టుకుని ఆ గుంపు మధ్యలో ఉన్నారు. నన్ను చూసి ఏదో అనబోయారు, తుమ్మొచ్చింది. మళ్లీ అనబోయారు, మళ్లీ వచ్చింది. అన్నిసార్లు ఆగిపోయిన తిట్టు మాటగా వస్తే ఎలా ఉండేదో ఇప్పటికీ తెలియదు.

పదిన్నరకు రిజిస్ట్రారు గారి కారు వచ్చింది. ఆయన దిగి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"ఎవరు చేశారు ఈ స్థలం?"

నోట్‌ఫైల్ గారు వేలు నా వైపు చూపించి ఒక అడుగు వెనక్కి వేశారు.

"మొత్తం ఎన్ని గళ్లు?"

"నూట ఇరవై సార్."

"ఖాళీ ఎన్ని?"

"ఒక్కటీ లేదు సార్."

"గీత దాటినవాళ్లు?"

"ఎవరూ లేరు సార్."

"మన స్టాఫ్ అయితే ఈ క్రమశిక్షణ ఉండేదా?" అని ఆయన పక్కనున్న వాళ్లను అడిగారు. అప్పుడు గళ్ల తువ్వాలు పెద్దాయన నా మేలు కోరి ముందుకొచ్చాడు. "అయ్యా, ఇట్టాంటి కల్లం మా ఊళ్లో లేదు. ఈ పిల్లాడి చేతిలో పనుంది. ఈడికి పెద్ద ఉద్యోగం ఇయ్యండి!" రిజిస్ట్రారు గారు నా వైపు తిరిగి, "సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వు" అన్నారు.

నాలుగు పేజీలు రాసిచ్చాను. పేడ ఎన్ని బుట్టలో కూడా రాశాను. (అడగలేదు, అయినా రాశాను.) మిరపకాయలకు రెండెండలు గడువు దొరికింది, నాకు ప్రొబేషన్ మూడు నెలలు పొడిగింపు దొరికింది. కారణం గడిలో నోట్‌ఫైల్ గారు స్వహస్తాలతో రాసిన మాట "అవసరానికి మించిన శ్రద్ధ". ఆ కాగితం నకలు తీసుకుని, ఇక పెళ్లి ఆశ వదులుకుని, మామగారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను.

వారం తిరక్కుండా ఆయనే బస్సెక్కి వచ్చాడు. ఆఫీసుకు రానని, నన్ను తిన్నగా ఆ స్థలం దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి కాయలు ఎత్తేశారు, స్కూటర్లు నిలబెట్టి ఉన్నాయి. ఆయన రెండు స్కూటర్ల మధ్య గొంతుక్కూర్చుని నేల మీద గోటితో గీశాడు.

"ఎన్నిసార్లు చల్లించావు?"

"రెండుసార్లండీ."

"రాళ్లు?"

"చేత్తో ఏరించానండీ."

"కాయ ఎట్టా వచ్చింది?"

"బాగా గలగలలాడిందండీ. రంగు కూడా తగ్గలేదు."

ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "వైశాఖంలో ముహూర్తం పెట్టిత్తన్నా. మీ నాన్నకు చెప్పు."

"కాగితం ఇంకా రాలేదండీ..."

"అదెప్పుడో వస్తదిలే. వచ్చే ఏడు నా కాయ ఆరబోసేటప్పుడు మాత్రం నాలుగు రోజులు సెలవు పెట్టి రా."

పెట్టాను. మామగారు ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడాదీ పెట్టాను. డైరీలన్నిటిలోనూ ఫిబ్రవరి పేజీలకు ఇప్పటికీ కాస్త ఎర్ర మరక ఉంది.

మొన్న ఆ మధ్య పింఛను పని మీద క్యాంపస్‌కు వెళ్లాను. ఇప్పుడు గేటు దగ్గరి నుంచి చప్పుడు చేయని బ్యాటరీ బండ్లు తిప్పుతున్నారు, కార్లకు స్టిక్కర్లు ఇస్తున్నారు. కొత్తగా కట్టిన పార్కింగులో నేలంతా నున్నటి టైల్సు, మంచి ఎండ, సగం ఖాళీ. నేను అటు చూస్తూ నిలబడిపోతే కాపలా అమ్మాయి వచ్చి, "తాతగారూ, బండి ఎక్కడ పెట్టారో మర్చిపోయారా అండీ?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఏం చేస్తున్నానో ఆ పిల్లకు ఎలా చెప్పను? ఇంటికొచ్చి, తిట్టేవాళ్లు ఉండాలి కదా అని మా ఆవిడకు చెప్పాను. ఆమె తిట్టలేదు. మజ్జిగ చిలుకుతూనే, "ఎన్ని టిక్కీల మిరపకాయలు ఆరతాయి?" అంది. అప్పటికే అడుగులతో కొలుచుకుని వచ్చాను కనుక టక్కున చెప్పేశాను. ఆ అంకెతో ఇక ఎవరికీ పని లేదు. అయినా డైరీలో రాసుకున్నాను.