గంజి పెట్టిన హార్మోనియం

మా సిరిసిల్లలో అన్నిటికీ గంజే మందు. మరమగ్గాలకు, అదే మా సాంచెల మీదికెక్కే నూలుకు గంజి, కట్టుకునే పంచెకు గంజి. భజన మండలిలో హార్మోనియం వాయించే మా తాత ఏకంగా దాని తిత్తికి కూడా గంజి పెట్టేవాడు. గాలి పోకుండా బిగుసుకుంటుందని ఆయన నమ్మకం.

నేను పదో తరగతిలో ఉండగా ఆ పెట్టె మూగబోయింది. తిత్తి ఊపితే బుస కొట్టడమే తప్ప స్వరం లేదు. మండలి పెద్ద విసుక్కున్నాడు.

"వచ్చే శనివారం దాక పలుకకుంటే జగిత్యాల నుంచి కరెంటు కీబోర్డు తెస్తం. మా అల్లుడు వాయిస్తడు."

అంటే తాత ఇక ఓ మూల కూర్చుని తాళాలు కొట్టుకోవాలన్నమాట. ఆ పూట ఆయన అన్నం కెలికి లేచాడు. నాకు కోపం నషాళానికంటింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాను.

"ముట్టకు బిడ్డా, ఉన్నది గూడ పోతది" అన్నాడు తాత.

"ఇంకేం పోతది తాతా?" అన్నాను.

లోపల వరసగా ఇత్తడి రేకులు. ఒకదాన్ని ఊడదీసి నోటితో ఊదితే 'పీ' మంది. ఆనందం పట్టలేక పకపకా నవ్వాను. ఆ క్షణం నుంచి నాకు లెక్కల పుస్తకం గుర్తు రాలేదు. తిత్తి మడతలు మాత్రం ఎలుకలు కొరికి జల్లెడ చేశాయి. మా సాంచె గుడ్డే అతికించి చూశాను. గాలి దర్జాగా బయటికి నడిచిపోయింది.

కోరుట్లలో మా మేనత్త ఇంటి పక్కన డోలక్‌లకు తోలు బిగించే చాచా ఉన్నాడు. తిత్తిని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఆయన దాన్ని వాసన చూసి నవ్వాడు.

"గంజి పెట్టిండ్రా? ఎలుకలకు మీరే దావత్ ఇచ్చిండ్రు గదా బిడ్డా!"

పల్చటి మేకతోలు ఇచ్చి, అంచులు గీకి అతికించడం చూపించాడు. ఇంటికొచ్చి సంగతి చెబితే తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "గిన్నేండ్ల సంది వాటిని నేనే మేపుతున్ననానే!"

శనివారం పెట్టె పలికింది. భజన ఊపందుకుంటుండగా ఒక మెట్టు, వేలు తీసినా ఆగకుండా మోగసాగింది.

"చెప్పిన గదా నేను" అన్నాడు మండలి పెద్ద.

తాత చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. మా మనుమరాలు చూస్తది."

పైచెక్క తీశాను. మెట్టు కింద నేను కత్తిరించిన తోలుముక్కే ఇరుక్కుని ఉంది. జడపిన్నుతో లాగాను. తాళాలు చేతుల్లో పట్టుకుని అంతమంది పెద్దవాళ్లు నాకోసం ఎదురు చూస్తున్నారు. నా కోసం ఎవరైనా అట్లా ఆగడం అదే మొదలు. భయం వేయలేదు, భలే గర్వంగా అనిపించింది. తాత తిత్తి ఊపి పాట అందుకున్నాడు.

హారతి అయ్యాక మండలి పెద్ద కీబోర్డు ఊసెత్తలేదు. ధర్మపురిలో తన చుట్టాల పెట్టె పాడైందని, ఎప్పుడు తెమ్మంటానని నన్నడిగాడు. హార్మోనియం ముందు నుంచి లేవకుండానే తాత జవాబిచ్చాడు.

"మా డాక్టరమ్మకు పరీక్షలున్నయి. అయినంక తేండ్రి."